మడమ చుక్కలో మిగిలిన ఆనాటి కబురు

వ్యాఖ్యాత: నమస్కారం. మా అమ్మాయి 2012లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ట్రాయ్‌లో పుట్టింది. మరునాడు నర్సు వచ్చి, పాప మడమకు వెచ్చని గుడ్డతో కాసేపు కాపడం పెట్టి, సూదితో గుచ్చి, దళసరి కాగితం మీద గీసిన గుండ్రాలను రక్తంతో నింపుకుని వెళ్లింది. అలాంటి కార్డులను ఏళ్ల తరబడి భద్రపరుస్తారని నాకు ఈమధ్యే తెలిసింది. వాటిపై జన్యు వ్యక్తీకరణ, అంటే ఏ జన్యువులు ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయన్న పరిశోధన ఎలా జరుగుతుందో చెప్పడానికి అణు జీవశాస్త్రవేత్త అయిన డాక్టర్ గారు మనతో ఉన్నారు. మేడమ్, అసలు వాటిని ఎందుకు దాచారు?

అతిథి: మొదట్లో ఎవరికీ పరిశోధన ఆలోచన లేదండీ. వడపోత కాగితం మీద ఎండిన చుక్కతోనే ఫినైల్‌కీటోన్యూరియాను, అంటే పుట్టుకతో వచ్చి మెదడును దెబ్బతీసే ఒక రుగ్మతను పసిగట్టవచ్చని 1960లలో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గుత్రీ చూపించారు. ఎండిన చుక్కను పోస్టులో పంపవచ్చు కాబట్టి ఆ పద్ధతి దేశదేశాలకూ పాకింది. పరీక్షలు ముగిశాక మిగిలిన చుక్కలను డెన్మార్క్ 1982 నుంచి, మిషిగన్ 1984 నుంచి దాచుకుంటూ వచ్చాయి. డెన్మార్క్ వాళ్లు మైనస్ 20 డిగ్రీల చలిలో పెట్టారు. మిషిగన్ కార్డులు మాత్రం చాలా ఏళ్లు శీతలీకరణ లేకుండానే ఉండిపోయాయి.

వ్యాఖ్యాత: మరి జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే నకలు, ఆర్‌ఎన్‌ఏ, చాలా సున్నితమైనదని అంటారు కదా. ఇన్నేళ్ల తర్వాత అందులో ఏం మిగులుతుంది?

అతిథి: నాకూ మొదట అదే అనుమానం ఉండేది. ఆర్‌ఎన్‌ఏను కోసివేసే ఎంజైములు రక్తంలోనే ఉంటాయి, కానీ అవి పనిచేయడానికి నీరు కావాలి. చుక్క ఆరిపోయాక వాటి జోరు బాగా తగ్గుతుంది. అయినా దొరికేవి తునకలే. కాబట్టి పొడవైన భాగాలను వదిలి, చిన్న భాగాలను మాత్రమే కొలిచేలా పరీక్షను తయారు చేసుకోవాలి. గడ్డకట్టించకుండా దాచిన పాత చుక్కల్లోనూ జన్యు వ్యక్తీకరణను కొలవవచ్చని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2009లో ప్రచురించారు. చూడటానికి ఆ చుక్క ఎరుపు పోయి కాఫీ రంగుకు తిరిగి ఉంటుంది. దాన్నుంచి మూడు మిల్లీమీటర్ల బిళ్లలను పంచ్ చేసి పని మొదలుపెడతాం. ఫలితాన్ని నమ్మవచ్చా అని చూసుకోవడానికి ఒక సులువైన కిటుకు ఉంది: ఎక్సిస్ట్ అనే జన్యువు చురుగ్గా ఉంటే ఆడపిల్ల, మగవారిలోనే ఉండే వై క్రోమోజోము జన్యువులు చురుగ్గా ఉంటే మగపిల్లవాడు. కార్డు మీద రాసినదానితో అది కలవకపోతే ఆ నమూనాను పక్కన పెట్టేస్తాం.

వ్యాఖ్యాత: డీఎన్‌ఏ అయితే ఇంకా సులభంగా దొరుకుతుంది కదా, ఇంత శ్రమ దేనికి?

అతిథి: డీఎన్‌ఏను ఆ పిల్లవాడికి ఇరవై ఏళ్లు వచ్చాక కూడా తీసుకోవచ్చు, దాదాపు అదే ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ అలా కాదు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో ఏ జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో చెప్పేది అదే, ఆ రోజు మళ్లీ రాదు. ఉదాహరణకు, మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ బయటపడేసరికి బిడ్డకు ఏడాదో రెండేళ్లో నిండుతాయి. కారణం పుట్టుకకు ముందే మొదలైందా అని వెతకాలంటే ఈ చుక్క తప్ప వేరే ఆధారం ఉండకపోవచ్చు. 2013లో వెలువడిన మిషిగన్ అధ్యయనం, తర్వాత ఆ స్థితికి లోనైన పిల్లల చుక్కలను, అది రాని అదే వయసు పిల్లల చుక్కలతో పోల్చి, వాపు, ఆక్సిజన్ కొరత, రక్తం గడ్డకట్టడం, థైరాయిడ్‌లకు చెందిన జన్యు సముదాయాలను పరిశీలించింది. రెండు గుంపుల మధ్య తేడాలు కనిపించాయి. అవి కారణాలని మాత్రం నేను అనను. పైగా చుక్కలో హీమోగ్లోబిన్ తయారీకి సంబంధించిన గ్లోబిన్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఉండి, మిగతా వాటి గొంతును కప్పేస్తుంది.

వ్యాఖ్యాత: అడిగి తీసుకున్నారా అన్నదే నాకు గుచ్చుకుంటోంది. నేను సంతకం పెట్టాను, చదవలేదు.

అతిథి: ఆ నిద్రలేమిలో చదివేవాళ్లు అరుదండీ. పరిశోధనకు తల్లిదండ్రుల అనుమతి అడగడం మిషిగన్‌లో 2010 మే నుంచే మొదలైంది. అనుమతి లేకుండా దాచారని దావా వేయడంతో టెక్సాస్ 2010లో 50 లక్షలకు పైగా చుక్కలను నాశనం చేసింది. పరిశోధకురాలిగా నాకు బాధే, కానీ ఆ తల్లిదండ్రుల కోపంలో న్యాయం ఉంది.

వ్యాఖ్యాత: ఇప్పుడు నేను మనసు మార్చుకుంటే?

అతిథి: రాష్ట్ర ఆరోగ్య శాఖకు ఫారం నింపి పంపవచ్చు. 18 నిండాక ఆ ఫారం మీద సంతకం మీ అమ్మాయే పెట్టాలి.

వ్యాఖ్యాత: అంటే 2030లో. ఈ ఎపిసోడ్‌ను ఆమెకు ఈ రాత్రే వినిపిస్తాను.