హుషారు కూడా జబ్బు లక్షణమేనా?

వ్యాఖ్యాత: నమస్కారం డాక్టరు గారూ. పొద్దున నవ్వుతూ ఉన్న మనిషి సాయంత్రానికి చిరాకు పడితే చాలు, "వీడికి బైపోలార్ ఉందేమో" అనే మాట ఈమధ్య ఇళ్లలోనూ వినిపిస్తోంది. అందులో నిజమెంత?

వైద్యురాలు: నమస్కారమండీ. బైపోలార్ అంటే కొన్నాళ్లు తీవ్రమైన దిగులు (డిప్రెషన్), కొన్నాళ్లు మితిమీరిన హుషారు విడతలుగా వచ్చే మానసిక జబ్బు. గంటగంటకూ మారే మనసును అలా అనము. పరీక్ష తప్పితే దిగులు, పెళ్లి కుదిరితే సంబరం ఎవరికైనా కలుగుతాయి, కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. డిప్రెషన్ అని నిర్ధారించాలంటే దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో కనీసం 2 వారాలపాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం ఉండాలి. దానితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత వంటివి దెబ్బతిని, చేసుకునే పనులు కుంటుపడాలి. థైరాయిడ్ లోపం కూడా ఇలాగే కనిపిస్తుంది కనుక ఆ పరీక్ష చేయిస్తాము.

వ్యాఖ్యాత: మరి ఉత్సాహం జబ్బుగా మారిందని ఎలా తెలుస్తుంది?

వైద్యురాలు: నేను ముందు నిద్ర గురించే అడుగుతాను. మనకు నిద్ర చాలకపోతే మరునాడు ఒళ్లు బడలికగా ఉంటుంది. మేనియాలో, అంటే ఆ మితిమీరిన హుషారు దశలో ఉన్న మనిషి రెండు మూడు గంటలే పడుకుని, ఏమాత్రం అలసట లేకుండా లేచి, ఆగకుండా మాట్లాడుతూ, తాహతుకు మించి ఖర్చుపెడుతూ, అడ్డు చెప్పినవారిపై మండిపడవచ్చు. ఇది వారం సాగితే మేనియా. ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రమైతే వారం నిండనక్కరలేదు. ఇంతకంటే తక్కువ తీవ్రతతో కనీసం 4 రోజులు ఉండేది హైపోమేనియా. నన్ను బాధపెట్టేది ఇదే: "అప్పట్లో భలే హుషారుగా ఉండేవాడు" అని ఇంటివాళ్లు మురిపెంగా తలచుకుంటారు గాని, ఆ రోజుల గురించి మాకు చెప్పరు.

వ్యాఖ్యాత: చెప్పకపోతే నష్టమేమిటి?

వైద్యురాలు: రోగి ఎక్కువగా దిగులులో ఉన్నప్పుడే వస్తాడు. మేము డిప్రెషన్ మందు ఒక్కటే రాస్తే, బైపోలార్ ఉన్న కొందరిలో అది మేనియాను రేపుతుంది. వారికి లిథియం వంటి మందు కావాలి. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ మేనియాలో దాని ఉపయోగాన్ని 1949లో ప్రకటించారు. నేటికీ అది మాకు పెద్ద దిక్కు. అయితే రక్తంలో దాని మోతాదు మించితే విషమవుతుంది కనుక రక్త పరీక్షలు మానకూడదు.

వ్యాఖ్యాత: వైద్యులు దగ్గరలో లేనివారు ఏం చేయాలి?

వైద్యురాలు: 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవలో పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. వైద్యుల దగ్గరకు వచ్చేటప్పుడు మాత్రం అమ్మనో, భార్యనో, భర్తనో వెంట తీసుకురండి. ఏ నెలలో నిద్ర తగ్గిందో రోగికి గుర్తుండకపోవచ్చు, వారికి గుర్తుంటుంది.