పాత క్యాంపర్ వ్యాన్‌లో వేలాడే అల్మారా తలుపును బిగిద్దాం

నమస్కారం. మనం ఉన్నది విజయవాడ ఆటోనగర్‌లో. వెనక రేకులు కొట్టే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, కాస్త సర్దుకోండి. ఇది మా పాత టెంపో ట్రావెలర్. సీట్లు తీసేసి మంచం, పొయ్యి గట్టు, ఈ అల్మారాలు పెట్టించుకున్నాం. ఇదిగో, ఈ తలుపు చూడండి. వేలితో తాకితే చాలు, వేలాడుతోంది. పోయిన నెల గుంటూరు వెళ్తుంటే కాజ టోల్‌గేటు దగ్గర ఒక కుదుపు వచ్చింది. ఇది తెరుచుకుని కందిపప్పు డబ్బా కింద పడింది. ఇప్పటికీ మూలల్లో పప్పు గింజలు దొరుకుతున్నాయి.

సరే, డబ్బాలు తీసేశాను, తలుపు విప్పేశాను. మరలు ఒక గిన్నెలో వేసుకోండి, అంతే.

హింజ్ చూశారా, బాగానే ఉంది. కొత్తది కొనకండి. పాడైంది హింజ్ కాదు, ఈ రంధ్రం. దగ్గరగా చూపిస్తాను. ఇదిగో, లోపల ప్లైవుడ్ అంతా పొట్టు పొట్టు. ఇంట్లో అల్మారా కదలదు, ఇది రోజూ కుదుపులు తింటుంది. మర తన చోటును తనే తినేసింది.

దీనికి నా మందు అగరుబత్తి పుల్లలు. వెలిగించాక మిగిలే చివరలు ఉంటాయి కదా, అవి వెదురువే. మా అమ్మ పూజ గదిలోవి దాచి ఇస్తుంది. జిగురులో ముంచి, రంధ్రంలో కుక్కి, ఇలా గట్టిగా... పైకి మిగిలింది బ్లేడుతో కోసేయండి. జిగురు మాత్రం నీళ్లను తట్టుకునే రకం వాడండి, వంట ఆవిరి తగులుతుంది. ఇక 24 గంటలు ముట్టుకోకండి. ఇది నిన్న పెట్టినది, గట్టిపడింది.

ఇప్పుడు అసలు సంగతి. మర పొడవు. ఇక్కడే నేను దెబ్బ తిన్నాను, కాబట్టి నెమ్మదిగా చెబుతాను. ఈ పలక మందం 12 మిల్లీమీటర్లు. పొడుగు మరైతే ఇంకా గట్టిగా పట్టుకుంటుందని నిరుడు నేను ముప్పావు అంగుళం మర వేశాను. ముప్పావు అంగుళం అంటే 19 మిల్లీమీటర్లు! మొన పలకకు అవతల వైపు పొడుచుకు వచ్చింది. అవతల ఏముంది? మంచం. రాత్రి పక్కకు తిరిగితే మోచేయి గీరుకుంది. అరంగుళం మర చాలు. హింజ్ రేకు మందం పోను సరిగ్గా లోపలే ఆగుతుంది. అవతల వైర్లు వెళ్తున్నాయేమో కూడా చూసుకోండి.

ముందు 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో మరకు సన్నగా దారి చేయండి. బిట్‌కు ఇదిగో, 10 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టాను. టేపు పలకకు తగిలిందంటే ఆపేయాలి. మరకు కొవ్వొత్తి రుద్దండి, సాఫీగా దిగుతుంది. బిగించడానికి నేను ఈ పొట్టి స్క్రూడ్రైవర్‌నే వాడతాను. మిషన్‌తో తిప్పితే ఒక్క చుట్టు ఎక్కువైనా పుల్లలు మళ్లీ నలుగుతాయి. చేతికైతే తెలుస్తుంది.

తలుపు పెట్టేశాను. తలుపును పక్కకు జరపాలంటే హింజ్ మీద ముందు వైపున్న మర తిప్పండి, లోపలికి బయటికి జరపాలంటే వెనక వైపున్న మర. చూశారుగా.

చివరిగా లాక్. అయస్కాంతం బండిలో ఆగదు, నొక్కితే పడే పుష్ లాక్ పెట్టండి. లాక్ నాలుక గడిలోకి, అంటే అది దూరే ఎదురు ముక్కలోకి, సరిగా వెళ్లకపోతే కొలతలతో కుస్తీ పట్టకండి. నాలుకకు కాటుక రాసి తలుపు మూయండి. ఇదిగో, మచ్చ పడింది. గడి అక్కడే బిగించాలి.

ఇప్పుడు బండిని కుదుపుదాం. తమ్ముడూ, ఒకసారి వెనక మెట్టు ఎక్కి గెంతు... ఇంకా గట్టిగా... కదలలేదు. పప్పు డబ్బా ఇటు ఇవ్వు.