‘తమదైన శైలి’ అంటే ఏంది సారూ? కెమెరా పెట్టి చూపెట్టుండ్రి!

నమస్తే అన్నలు, అక్కలు, తమ్ములు. ఇయ్యాల్టి పేపరు ముందట పెట్టుకోండ్రి. జిల్లా పేజీ తియ్యండ్రి. దొంగ దొరికిండన్న వార్త ఏదన్న ఒకటి చూడుండ్రి. మధ్యల ఒక లైను పక్కా ఉంటది: “పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు.”

నేనడుగుతున్న, గా శైలి ఏంది? మన కాకతీయుల పేరిణికి ఒక శైలి ఉన్నది. వేయిస్తంభాల గుడి ముందట ఆడితే ఊరంత చూస్తది. మరి ఈ శైలి తలుపులు మూస్తెనే ఎందుకొస్తది?

పోయిన వీడియోల ఒక్క మాటన్న. విచారణ గదిల కెమెరా పెట్టాలె, సప్పుడుతోని సహా రికార్డు కావాలె అని. ఇగ కింద చూడాలె తిట్లు! “అన్నా, దొంగలకు మర్యాదేంది? నాలుగు తగిలిస్తెనే నిజం కక్కుతరు” అని. సరే, మీకే చెప్తున్న, రాసి పెట్టుకోండ్రి. దొంగను కోర్టుల విడిపించేది వాని వకీలు కాదు. గా నాలుగు దెబ్బలే!

ఎట్లంటరా? పోలీసు ముందట ఒప్పుకున్న మాట కోర్టుల చెల్లదు. ఇయ్యాల్టి ముచ్చట కాదిది, 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్. పేరు మార్చి భారతీయ సాక్ష్య అధినియమం తెచ్చిండ్రు, అండ్ల 23వ సెక్షన్, మాట మాత్రం అదే. నిందితుడు చెప్తే పోయి ఏదన్న వస్తువు తీస్తే, ఆ వస్తువుకు సంబంధించిన ముక్క ఒక్కటే పనికొస్తది. మిగిలిన పది పేజీల కన్ఫెషన్ పంచనామా? పల్లీలు కట్టుకోవాలె.

ఈ రూలు పెట్టిందెవరు? తెల్లోడు. తన పోలీసును తనే నమ్మలే! 1855ల మద్రాసు ప్రెసిడెన్సీల టార్చర్ కమిషన్ అని వేసిండ్రు. పన్నుల కోసం, ఒప్పుకోళ్ల కోసం జనాన్ని ఏం చేసిండ్రో అండ్ల రాసి ఉన్నది. ‘కిట్టి’ అని ఒకటుండె, రెండు కర్రల మధ్యల వేళ్లు పెట్టి నొక్కుడు. అప్పుడు మన ఓరుగల్లు నిజాం కింద ఉన్నదనుకో, కానీ కర్ర ఎక్కడైనా కర్రే గదా.

ఇంట్ల ముచ్చటొకటి చెప్తా. చాన ఏండ్ల కిందట మా మేనమామ మోపెడ్ పోయింది. ఠాణా పేరు చెప్ప, వాళ్లిప్పుడు రిటైరైండ్రు గూడ. బజార్ల హమాలీ పని చేసే పోరన్ని తోల్కపోయిండ్రు. మూడో రోజు ఒప్పుకున్నడు. బండి ఎక్కడున్నదంటే ఒకసారి చెరువు కట్ట అన్నడట, ఒకసారి ఇనుప సామాన్ల దుకాణం అన్నడట. నాలుగో రోజు బండి కాజీపేట స్టేషన్ స్టాండుల దొరికింది. తీస్కపోయిందెవరనుకున్నరు? మామ బామ్మర్ది! చెప్పకుండ తీసి, స్టాండుల పెట్టి, రైలెక్కి సికింద్రాబాద్ పోయిండు. అంటే అసలు దొంగతనమే కాలే. కాని దొంగతనానికి దొంగ మాత్రం తయారైండు, ఒప్పుకున్నడు గూడ! ఇగో, ఇది మీరు అడిగిన నిజం కక్కుడు.

ఇగ అసలు నా మంట ఎక్కడున్నదంటే. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, భారతీయ నాగరిక సురక్షా సంహిత. 105వ సెక్షన్ ఏమంటది? సోదా చేస్తే, సామాను జప్తు చేస్తే వీడియో తియ్యాల్సిందే. ఫోన్ల తీసినా సరే. దానికి ఈ-సాక్ష్య అని యాపు గూడ తెచ్చిండ్రు. మంచిది. మరి మనిషిని ప్రశ్నించుడు? 180వ సెక్షన్. అండ్ల రాసింది, ఆడియో వీడియో “తీయవచ్చు” అని. తీయవచ్చు! బీరువా తెరిస్తే వీడియో తప్పనిసరి, మనిషి నోరు తెరిపిస్తే సారు ఇష్టం. బీరువాకున్న విలువ మనిషికి లేదా అన్నా?

“సుప్రీంకోర్టు చెప్పింది గదా” అంటరు. చెప్పింది. 2020 డిసెంబర్ 2, పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసు. ప్రతి ఠాణాల కెమెరాలు, గేటు కాడ, లాకప్‌ల, వరండాల, ఇన్‌స్పెక్టర్ రూముల, ఆఖరికి బాత్రూంల బయట గూడ. చీకట్ల కనిపియ్యాలె, మాటలు వినపడాలె, 18 నెలలు దాచి పెట్టాలె, అంత వసతి లేకుంటే కనీసం ఏడాది. ఐదేండ్లు గడిచినయ్. 2025 సెప్టెంబర్‌ల కస్టడీ చావుల మీద పేపర్ల వార్త చూసి, అదే కోర్టు మల్లా తనంతట తనే కేసు తీసుకోవాల్సి వచ్చింది. హన్మకొండ చౌరస్తాల హెల్మెట్ లేకుంటే పది నిమిషాలల్ల చలాన్ కొట్టే కెమెరా, ఠాణాల మాత్రం ఎప్పుడడిగినా రిపేరే!

బయట దేశపోడు ఏం చేసిండో జర చూడుండ్రి. ఇంగ్లండ్‌ల గిల్డ్‌ఫోర్డ్ అని ఒక ఊరు. 1974ల పబ్బులల్ల బాంబులు పేలినయ్. నలుగురిని పట్టుకున్నరు, ఒప్పుకున్నరన్నరు, యావజ్జీవం పడ్డది. పదిహేనేండ్లకు, 1989ల, పోలీసుల నోట్సులే అతుకుల బొంతలని బయటపడి వదిలేసిండ్రు. ఈలోపు 1984ల చట్టం తెచ్చి టేపు రికార్డు పెట్టిండ్రు. నాకు నచ్చిందేందంటే, ఒకేసారి రెండు క్యాసెట్లు తిరుగుతయ్, ఒకటి నిందితుని ముందటనే సీలేస్తరు. ఇగ ఎవడు మార్చినా దొరుకుతడు. తర్వాత ఆ టేపులు విన్న పెద్దసార్లే తలలు పట్టుకున్నరు, మనోళ్లకు ప్రశ్న అడగుడే రాదని! 1992ల ప్రశ్నించేదానికి కొత్త పద్ధతి తయారు చేసిండ్రు, పేరు పీస్ (PEACE). ముందుగాల కేసు చదువు. మనిషితోని మర్యాదగ మాట్లాడు. అబద్ధం చెప్పి బెదిరియ్యకు. వాన్ని మొత్తం చెప్పనియ్యి, నడుమ అడ్డం పడకు. వాడు ఎన్ని మాటలు చెప్తే అన్ని ముడులు పడ్తయ్. అప్పుడు నీ కాడున్న ఫుటేజీ, కాల్ డేటా ఒక్కొక్కటి ముందట పెట్టు.

మన ఎనుమాముల మార్కెట్ల చూడు. మిర్చి కొనేటోడు బస్తాను కర్రతోని కొడ్తడా? లోపలిదాక చెయ్యి పెట్టి, అడుగున ఉన్నది పైకి తీసి చూస్తడు. గంతే!

మన పోలీసులకు రాదా అంటే వస్తది. మన వరంగల్ పక్కన గొర్రెకుంట బావి కేసు మర్చిపోయిండ్రా? 2020 మే, బావిల తొమ్మిది శవాలు. సీసీ ఫుటేజీ జల్లెడ పట్టిండ్రు. అక్టోబర్ 28కి హంతకునికి శిక్ష పడ్డది. ప్రెస్‌మీట్ల ముసుగేసి నిలబెట్టినందుకు పడ్డదా శిక్ష? ఆధారాలుంటెనే పడ్డది.

ఇంకో మాట, ఎస్సై సార్లూ, మీకే. రేపు సాక్షి కోర్టుల నిలబడి “నేను చెప్పలే, వాళ్లే రాసుకున్నరు” అంటడు. వాని స్టేట్‌మెంట్ మీద సంతకం తీసుకోవద్దని చట్టమే చెప్తది గదా, మీ కాడ ఏమున్నది? వీడియో ఉంటే వాడు గట్ల బొంకుతడా? మిమ్మల్ని “కొట్టిండ్రు” అని నింద వేస్తే కాపాడేది ఎవరు? కెమెరానే. అందుకే నాకొక అనుమానం: కెమెరా వద్దన్న సారు దొంగకు భయపడుతలేడు, తన శైలికి భయపడుతున్నడు.

ఆ 2020 తీర్పుల ఇంకోటున్నది. ఈ ఆవరణల కెమెరాలున్నయ్, మీ హక్కులు కాలరాస్తే ఫిర్యాదు చేయవచ్చు అని ఠాణా గుమ్మం కాడ పెద్ద బోర్డు పెట్టాలె. స్థానిక భాషల గూడ, అంటే మన తెలుగుల. మీ ఠాణా కాడికి పోయి ఆ బోర్డు ఉన్నదా లేదా చూసి నాకు పంపుండ్రి. నేను నిన్న ఒక ఠాణాకు పోయిన. గోడంత వెతికిన. దొరికింది ఒక్కటే బోర్డు: “సెల్‌ఫోన్లు లోపలికి నిషేధం.”