సీటు కవర్ల అంగట్లో కుట్టించిన హెడ్‌ఫోన్ కుషన్లు: మూడు నెలలు విన్నాక

ముందు ఇది చూడండి. దగ్గరికి తెస్తా, కనపడుతోందా? ఈ కుట్టు. బండి సీటుకు వేసే కుట్టే ఇది, దారం కూడా అదే లావు నల్ల దారం. మా తిరుపతిలో సీటు కవర్లు కుట్టే ఒకాయన దగ్గర కుట్టించినా. పాత కుషన్ చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత చిన్న సీటు ఏ బండిదప్పా?" అన్నాడు.

అందరికీ నమస్కారం. ఈ హెడ్‌ఫోన్ కొని రెండేళ్లయింది. రెండు వేల లోపుదే. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఈరోజు రివ్యూ కంపెనీ చేసిన దానికి కాదు, ఇంట్లో నేను చేసిన దానికి.

దీనికి రెండు రోగాలు. ఒకటి పైకి కనపడేది. మా ఊరి ఎండకు, చెమటకు ఈ ప్లాస్టిక్ తోలు పొట్టు లేచిపోయింది. తీసినప్పుడల్లా చెవుల చుట్టూ నల్లగా అంటుకునేది. మా అమ్మ రోజూ అదే మాట, "ఏందిరా మొగానికి ఆ మసి?" రెండోది లోపలిది. పాటలో "స" వచ్చినా, "శ" వచ్చినా చెవిలో సూదితో పొడిచినట్టే. ఇక నాదస్వరం పెడితే చెప్పొద్దు. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందర నాదస్వరం వింటా పెరిగినోళ్లం మనం. నాలుగడుగుల దూరంలో నిలబడినా ఆ నాదం నిండుగా ఉంటుందే గాని గుచ్చుకోదు. దీంట్లో మాత్రం రేకు మీద మేకుతో గీకినట్టు వచ్చేది.

ఆ పోటు ఎక్కడుందో ముందు పట్టుకోవాలి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్, అంటే ఒక్కో స్వరాన్నే విడిగా మోగించేది, వేసుకుని, సౌండ్ బాగా తగ్గించి, కింది నుంచి మెల్లగా పైకి పోయినా. 8000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి ఉలిక్కిపడినా. అదే చోటు.

నిజం చెప్పాలంటే, ఈక్వలైజర్‌లో, అంటే హెచ్చు తగ్గు స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగ్‌లో, అక్కడ తగ్గిస్తే సగం రోగం పైసా ఖర్చు లేకుండా కుదురుతుంది. మీరు మొదట అదే చేయండి. నేను ఎందుకు విప్పినానంటే, ఇది ఒక పూట ఫోన్‌కు, ఒక పూట లాప్‌టాప్‌కు, రాత్రయితే మా నాయన టీవీకి. అన్నిటికీ ఈక్వలైజర్ యాడ పెట్టేది? పైగా ఊడిపోయే కుషన్‌ను ఈక్వలైజర్ కుట్టలేదు కదా.

సరే, విప్పుదాం. కుషన్ అంచు గోటితో లాగితే వచ్చేస్తుంది. లోపల స్క్రూలు, వాటి కింద డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే చిన్న స్పీకర్. ఈ గుండ్రటి పొర ఉంది చూడండి, దీన్ని మాత్రం వేలితో తాకొద్దు. సొట్ట పడితే పని అయిపోయినట్టే. డ్రైవర్‌కు నేనేమీ చేయలేదు. నేను చేసిందంతా దానికీ చెవికీ నడుమ, దాని వెనకాల.

ముందు వైపు పెట్టింది ఇదిగో, ఫెల్ట్ గుడ్డ, స్టేషనరీ అంగట్లో ఇరవై రూపాయలు. ఇది హెచ్చు స్వరాన్నే ఎందుకు ఆపుతుంది, కింది స్వరాన్ని ఎందుకు వదిలేస్తుంది అని అడుగుతారేమో. 8000 హెర్ట్జ్ శబ్దానికి గాలిలో అల పొడవు నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు అంతే. 50 హెర్ట్జ్ అయితే దాదాపు ఏడు మీటర్లు. ఆ ఏడు మీటర్ల అలకు ఈ పల్చటి గుడ్డ ఒక లెక్క కాదు. చిన్న అల మాత్రం దీని పోగుల్లో ఇరుక్కుని కొంత అరిగిపోతుంది. నేను మొదట రెండు పొరలు పెట్టినా. గాయకుడు దుప్పటి కప్పుకుని పాడినట్టయింది. ఒక పొర తీసేసి, మిగిలినదానికి నడిమధ్యన పెన్సిల్ మందాన రంధ్రం చేసినా. అప్పుడు కుదిరింది.

ఇంత చిన్న గుడ్డ ముక్కకు ఇంత తేడానా అంటారా? తంబూరా చూడండి. తీగలు ఆనే బ్రిడ్జి మీద, తీగ కింద నూలుపోగు పెడతారు, దాన్నే జీవాళి అంటారు. ఆ పోగు వెంట్రుకవాసి జరిపితే తంబూరా మొత్తం మోగే తీరే మారిపోతుంది. మృదంగానికి ఎడమ పక్క రవ్వ ముద్ద అద్దేది కూడా ఇట్లాంటిదే, కింది స్వరం కోసం. కొన్నదాన్ని ఇట్లా మనకు తగ్గట్టు మార్చుకోవడాన్ని మోడ్ అంటారు. ఆ మాట కొత్తదేమో గాని పని మన దగ్గర పాతదే. అసలు హెడ్‌ఫోన్ సంగతే అంత. 1910లో అమెరికా నౌకాదళానికి హెడ్‌ఫోన్లు చేసిచ్చిన నథానియల్ బాల్డ్విన్ అవి చేసింది యూటాలో తన ఇంట్లో, వంటగదిలో!

ఇప్పుడు వెనక పక్క. డబ్బాలో కొంచెం దూది పెట్టినా, శబ్దం లోపల తగిలి తిరిగి రాకుండా. గాలి రంధ్రాల మీద తెల్ల కాగితం టేపు, సెలైన్ సూది పెట్టినప్పుడు చేతికి అంటిస్తారే, అదే. మెడికల్ షాపులో దొరుకుతుంది. దాంట్లో గాలి కొంచెం ఆడుతుంది కాబట్టి బేస్ పూర్తిగా చావదు. సెల్లోటేపు వేస్తే చానా మూసుకుపోతుంది, వేయొద్దు. అన్నీ తీసేస్తే మళ్లీ పాతదైపోయేటట్టే చేసినా. జిగురు యాడా వాడలేదు.

ఈ పనిలోనే ఒక దెబ్బ తిన్నా. కుడి డబ్బా తెరిచేటప్పుడు తొందరపడి లాగితే తీగ తెగిపోయింది. సోల్డరింగ్ పెడితే అంటుకోదు, పెడితే అంటుకోదు. గంటసేపు తిట్టుకున్నా. తర్వాత తెలిసింది, ఈ సన్న రాగి పోగుల మీద రంగు పూతలా ఎనామెల్ ఉంటుంది, నడుమ దారం పోగులు కూడా. కాల్చిన సోల్డరింగ్ మొనను, కొంచెం సోల్డర్‌తో, తీగ కొనకు ఆనించి ఉంచితే పూత కాలిపోయి రాగి బయటపడుతుంది. అప్పుడు టక్కున పట్టుకుంది. ఆ పొగ మాత్రం పీల్చొద్దు, కిటికీ తెరిచి చేయండి.

ఇక కుషన్. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద తేడా ఇదే. ఫెల్ట్ కంటే, దూది కంటే. కుషన్ చెవి చుట్టూ సరిగ్గా ఒత్తుకోకపోతే బేస్ ఆ సందులోంచే పోతుంది, ఎంత మంచి డ్రైవర్ పెట్టినా అంతే. సీటు ఆయన పాతదాన్ని రెక్సిన్ మీద పెట్టి సుద్దముక్కతో గీసుకున్నాడు. బయట రెక్సిన్, లోపల కొత్త స్పాంజి, చెంపకు ఆనే వైపు మాత్రం మా నాయన పాత నూలు పంచె ముక్క. ఆ ఆలోచన నాదే, చెమట పీల్చుకుంటుందని. రెండిటికీ కలిపి నూటయాభై తీసుకున్నాడు.

మూడు నెలలు విన్నా. డోలు సంగతి చెప్తా. కుడిచేతి వేళ్లకు తొడుగులు వేసుకుని కొడతారు, ఎడమచేత్తో పుల్ల. ఇంతకుముందు కుడి పక్క టకటక మాత్రమే తెలిసేది. ఇప్పుడు ఎడమ పక్క గుమ్మనడం కూడా విడిగా వినపడుతోంది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతు అన్నమయ్య కీర్తనల్లో పైకి పోయినప్పుడు కళ్లు మూసుకోవడం మానేసినా, పోటు లేదు కాబట్టి.

పోగొట్టుకున్నది కూడా ఉంది. కంజీర గజ్జెల మెరుపు కొంచెం తగ్గింది. పాడేవాళ్లు మునుపటి కంటే దగ్గరగా కూర్చున్నట్టుంది, పెద్ద హాలు కాదు, మా మిద్దె మీది గది. ఎడమ కుషన్ కుడిదానికంటే కాస్త లావు, అందుకే గొంతు ఒక వెంట్రుక కుడికి జరిగింది, కళ్లద్దాలు పెట్టుకుంటే ఇంకా తెలుస్తుంది. ఇంకో జాగ్రత్త. గుచ్చుకోవడం పోయేసరికి తెలీకుండానే సౌండ్ పెంచుతా ఉన్నా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. అది మించితే మెత్తగా ఉన్నా చెవి చెడుతుంది.

కొత్తది కొనే డబ్బులుంటే కొనుక్కోండి, ఇది దానికి సమానం అని చెప్పను. ఉన్నదాంట్లో ఒకే ఒక్క రోగం ఉండి, అదేందో మీకు తెలిసి ఉంటే మాత్రం చేయండి. కుట్టించాలనుకుంటే పాత కుషన్ పారేయకుండా పెట్టుకోండి, కొలతకు అదే కావాలి. రెండూ ఒకే స్పాంజి షీటులోంచి కోయించండి. నేను ఆ మాట చెప్పడం మరిచిపోయినా, అందుకే ఎడమది లావు.