ఆకలి వేళ ఎదురయ్యే ప్రశ్న

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

మత్తయి సువార్త నాలుగో అధ్యాయం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. అయితే దాన్ని మూడో అధ్యాయం చివరి మాటతో కలిపి చదవాలి. యొర్దాను నది దగ్గర యేసు గురించి ‘ఈయనే నా ప్రియ కుమారుడు’ అని తండ్రి పలికాడు. ఆ తరువాతే అరణ్యం, 40 దినాల ఉపవాసం. అప్పుడు సాతాను మొదలుపెట్టిన మాట చూడండి: ‘నీవు దేవుని కుమారుడవైతే’ ఈ రాళ్లను రొట్టెలు చేసుకో అన్నాడు. వాడి గురి రొట్టె మీద లేదు, తండ్రి చెప్పిన మాట మీద ఉంది. కొడుకువే అయితే ఈ ఆకలి ఏమిటి, మీ తండ్రి ఏడీ అని అడుగుతున్నాడు.

శోధన అంటే కోరికతో పెనుగులాట అనీ, పళ్లు బిగబట్టి నిలబడితే గెలుస్తామనీ అనుకుంటాం. అసలు పోరాటం ఇంకా లోతున ఉంది. దేవుడు నన్ను చూసుకుంటాడా, లేక నా ఏర్పాటు నేనే చేసుకోవాలా? అక్కడ ఓడినవాడు ఇక్కడ ఎంతోసేపు నిలవలేడు.

ఒక గుమాస్తాను ఊహించుకోండి. బల్ల మీద కాంట్రాక్టరు ఫైలు, దాని కింద కవరు. జేబులో కూతురి కాలేజీ ఫీజు నోటీసు, గడువు శుక్రవారం. ఆయన విలాసాలు కోరడం లేదు. పిల్ల చదువే కదా, అందరూ తీసుకుంటున్నదే కదా అని లోపల ఒక గొంతు. దేవుడు లేడని ఆ గొంతు అనదు. శుక్రవారం లోపు ఆయన రాడు అంటుంది, అంతే.

మనిషి రొట్టె వలన మాత్రమే కాదు, దేవుని నోట వచ్చే ప్రతి మాట వలన బ్రతుకుతాడని యేసు ఇచ్చిన జవాబు ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయంలోది, అరణ్యంలో ఇశ్రాయేలు ప్రజలకు దేవుడు ఇచ్చిన ఆహారమైన మన్నా గురించి చెప్పిన చోటిది. మన్నా ఏ రోజుకు ఆ రోజే ఏరుకోవాలి. రేపటికని దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది. అదే మన్నా, విశ్రాంతి దినం కోసం ఆరో రోజున దేవుడు దాచుకోమంటే మాత్రం చెడలేదు. రేపటి తిండి చేతిలో లేకుండా నిద్రపోవడం ఆ ప్రజలు 40 ఏళ్లు నేర్చుకోవలసి వచ్చింది. యేసు ఆ పాఠాన్నే ఆకలి కడుపుతో అప్పజెప్పాడు.

రెండో శోధన గురించి ఒక్క మాట. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమన్నప్పుడు దూతలు నిన్ను ఎత్తి పట్టుకుంటారనే కీర్తనల వాక్యమే సాతాను ఎత్తి చూపాడు. అప్పు చేసి కానుక వేయండి, దేవుడు పదింతలు ఇస్తాడు అనే బోధ వినిపించినప్పుడల్లా నాకు ఆ శిఖరమే కళ్లముందు మెదులుతుంది. దేవుణ్ణి ఇరుకున పెట్టడం విశ్వాసం కాదు.

నమ్మి నిలబడితే వెంటనే మేలు జరుగుతుందని కూడా నేను చెప్పను. యోసేపును చూడండి. 17 ఏళ్ల వయసున్నప్పుడు అన్నలు అతణ్ణి 20 తులాల వెండికి అమ్మేశారు. తండ్రి దూరం, తనను ఎరిగినవాళ్లు చుట్టుపక్కల ఒక్కరూ లేరు. ఐగుప్తులో అతణ్ణి కొన్న యజమాని పోతీఫరు భార్య తనతో పాపం చేయమని దినదినం బలవంతపెట్టింది. ‘దేవునికి విరోధముగా పాపము కట్టుకొందునా’ అన్నాడు, చివరికి ఆమె పట్టుకున్న వస్త్రం వదిలేసి పారిపోయాడు. అందుకు దక్కింది చెరసాల. చెరసాలలో అతని సాయం పొందిన పానదాయకుడు, అంటే రాజుకు పానపాత్ర అందించేవాడు, అతణ్ణి మరచిపోయాక మరో రెండేళ్లు గడిచాయి. ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలిచేనాటికి అతనికి 30 ఏళ్లు. ‘యెహోవా యోసేపునకు తోడైయుండెను’ అన్న మాటను బైబిలు ఆ చెరసాల గురించి కూడా రాసింది. ఆ మాట నన్ను చాలాసార్లు నిలబెట్టింది.

తప్పించుకునే మార్గం కలుగజేస్తానని మొదటి కొరింథీయులకు పదో అధ్యాయంలో దేవుడు మాట ఇచ్చాడు. ఆ మార్గం చాలాసార్లు మన గౌరవానికి ఇబ్బందిగా ఉంటుంది. గుమాస్తా అయితే ప్రిన్సిపాల్ ముందు నిలబడి వాయిదా అడగాలి. ఆ సాయంత్రమే ఇంట్లో భార్యతో, డబ్బు లేదు, కవరు తిప్పి పంపేశాను అని చెప్పాలి. రాత్రిపూట ఫోనులో జూదమాడే యువకుడు ఆ ఫోను తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాలి. యోసేపుకు దొరికిన మార్గం కూడా ఒక తలుపే, వస్త్రం పోగొట్టుకుని దాటవలసిన తలుపు.

మీలో ఎవరికైనా ఈ వారంలో అలాంటి గడువు ఉంటే, కూడిక ముగిశాక వెళ్లిపోకండి. సంఘ పెద్దలూ నేనూ ఇక్కడే కూర్చుంటాం. ఫీజు సంగతైనా, అప్పు సంగతైనా, చెప్పడానికి సిగ్గుపడే సంగతైనా తీసుకురండి. ముందు వింటాం, తరువాత కలిసి ప్రార్థిస్తాం, చేయగలిగిన సాయం ఏమిటో ఆ తరువాత లెక్క చూద్దాం.