గీజర్ కొనే ముందు నీళ్లు చూడండి

శ్రోతలకు నమస్కారం.

తెల్లారగట్ల నల్లా కింద చెయ్యి పెడితే ఇగం పెట్టే రోజులొచ్చాయి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలికాలం రాత్రుల్లో 10 డిగ్రీల లోపుకు దిగిపోతుంది. వరంగల్‌లో అంత లేకపోయినా, పొద్దున ఆరింటికి బడికి పోయే పిల్లాడికి సల్లనీళ్లు పోయలేం కదా. నేను హనుమకొండ చుట్టుపక్కల ఇళ్లకు తిరిగి గీజర్లు, మోటార్లు బాగుచేస్తుంటాను. దసరా దాటిందంటే నా ఫోను మోగుతూనే ఉంటుంది. అందరూ అడిగేది ఒకటే, ఏ కంపెనీది కొనమంటావు అని. నేను తిరిగి అడిగేదీ ఒకటే. మీ బాత్రూముకు వచ్చేది బోరు నీళ్లా, సర్కారు పైపుల్లో వచ్చే మిషన్ భగీరథ నీళ్లా?

ఎందుకో చెప్తాను. ఓసారి కాజీపేటలో ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. "మొన్నటిదాంక మంచిగనే ఉండె బిడ్డా. ఇప్పుడు పేలాలు ఏంచినట్టు లోపల సప్పుడొస్తాంది" అన్నది. గీజర్ కొని మూడేళ్లు కూడా కాలేదు, హైదరాబాద్‌లో ఉండే కొడుకు కొనిచ్చాడు. స్విచ్చి ఆపి, నీళ్లన్నీ వదిలేసి, కింద బోల్టులు విప్పాను. నీళ్లను కాచే గొట్టం, అదే ఎలిమెంట్, బయటకు రాదు. చుట్టూ సున్నం గడ్డకట్టి, వేలంత ఉండాల్సిన గొట్టం మొక్కజొన్న కంకంత అయింది. మెల్లగా కదిపి లాగితే ట్యాంకు అడుగు నుంచి తెల్లటి పెచ్చులు గలగలమంటూ బకెట్‌లో పడ్డాయి. పెద్దమ్మ ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని, "ఇది గోడకు ఏసే సున్నమే గదా, గీండ్లకెట్లొచ్చె?" అన్నది.

ఎక్కడినుంచో రాలేదు, నీళ్లలోనే ఉంది. మన దగ్గర చాలా బోర్ల నీళ్లలో కాల్షియం ఎక్కువ. సల్లగా ఉన్నంతసేపు అది కనబడదు. నీళ్లు వేడెక్కగానే విడిపోయి, అన్నిటికంటే వేడిగా ఉన్న చోట, అంటే ఎలిమెంట్ మీదనే పేరుకుంటుంది. ఆ పొర కింద చిక్కుకున్న కాసిన్ని నీళ్లు మరిగి ఆవిరై పేలుతుంటాయి, పెద్దమ్మ విన్న పేలాల సప్పుడు అదే. పొర మందమయ్యేకొద్దీ లోపలి వేడి నీళ్లకు అందదు. ఎలిమెంట్ తన వేడికి తానే కాలి, పైన ఉన్న లోహపు గొట్టం ఎక్కడో సన్నగా చీలుతుంది. ఆ చీలికలోకి నీళ్లు దిగితే కరెంటు నీళ్లలోకి వస్తుంది. గీజర్ సప్పుడు చేస్తోందని నెలల తరబడి ఊరుకున్న ఇంట్లో, ఒకరోజు నల్లా తిప్పితే జివ్వుమంటుంది. అప్పుడు నాకు ఫోను వస్తుంది. నిజానికి సప్పుడు మొదలైన రోజే రావాల్సింది.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి ల్యాబుకు పోనక్కర్లేదు. బకెట్‌లో సబ్బు వేసి గిలకొడితే నురగ రాకుండా విరిగిన పాలలా తేలుతుందా? స్టీలు బిందె ఆరాక తెల్లమచ్చలు పడుతున్నాయా? కందిపప్పు ఎంతసేపటికీ ఉడకట్లేదా? అయితే మీవి సున్నపు నీళ్లు. అలాంటి ఇంట్లో గీజర్ థర్మోస్టాట్‌ను, అంటే నీళ్లు ఎంతవరకు కాగాలో చూసుకునే మీటను, 55, 60 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. వేడి పెరిగేకొద్దీ సున్నం వేగంగా దిగుతుంది. ఏడాదికోసారి, చలికాలానికి ముందే, విప్పించి కడిగించండి. ఎలిమెంట్‌ను నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లలో నానబెడితే సున్నం బుసబుసమని పొంగి ఊడిపోతుంది. సుత్తితో కొట్టే మెకానిక్‌ను మాత్రం దండం పెట్టి పంపేయండి. విప్పినప్పుడే లోపలున్న మెగ్నీషియం కడ్డీ కూడా చూడమనండి. ట్యాంకు తుప్పు పట్టకుండా దాని బదులు తాను కరిగిపోవడమే ఆ కడ్డీ పని. అది పూర్తిగా కరిగిపోతే తర్వాత కరిగేది ట్యాంకే.

ఇంకొన్ని మామూలు తకరార్లు. స్విచ్చి వేస్తే లైటే వెలగకపోతే కరెంటు అందట్లేదు, లేదా నీళ్లు మరీ కాగితే కరెంటు ఆపేసే లోపలి కటౌట్ పడింది. లైటు వెలిగి గంటైనా నీళ్లు సల్లగానే ఉంటే చాలాసార్లు ఎలిమెంట్ పోయినట్టే. కటౌట్ ఒకసారి పడితే సరే, మళ్లీ మళ్లీ పడుతోందంటే చాలాసార్లు థర్మోస్టాట్ చెడిపోయి, నీళ్లు హద్దు దాటి కాగుతున్నట్టే. కొందరు కటౌట్‌ను తీసేసి వైరు డైరెక్ట్ చేసి, బాగైపోయింది అని వెళ్లిపోతారు. అలా చేసిన గీజర్ బాత్రూములో వేలాడే ప్రెషర్ కుక్కర్, అదీ పొయ్యి ఆపేవాళ్లు లేని కుక్కర్.

కుక్కర్‌కు విజిల్ ఉన్నట్టు గీజర్‌కు ఒక వాల్వు ఉంటుంది. కాగేటప్పుడు దానినుంచి చుక్కలు కారితే కంగారుపడకండి. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 65కు కాగితే దాదాపు 400 మిల్లీలీటర్లు ఉబ్బుతాయి, ఆ ఉబ్బు ఎటో ఒకవైపు పోవాలి. ఆ కారుడు చూడలేక వాల్వు మూతికి సీలు ముద్ద పెట్టి మూసేసిన ఇళ్లు నేను కనీసం నాలుగైదు చూశాను. అది విజిల్ మూసేసిన కుక్కరే.

ఇక ఎర్తింగు. పెద్దమ్మ ఇంట్లో ఎలిమెంట్ మార్చాక ప్లగ్గు విప్పి చూస్తే ఎర్తింగు కోసం ఉండే మూడో రంధ్రానికి వైరే లేదు. పాత ఇళ్లలో ఇది మామూలే, మూడు రంధ్రాలుంటాయి, కరెంటు రెండింటికే. లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి, ఎంసీబీ ఉందిగా అంటారు. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ, కరెంటు కాస్త లీకైనా లైను కట్ చేసే స్విచ్చి. బాత్రూము లైనుకు 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకోండి. దాని మీద టీ అనే అక్షరంతో చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది గోడకు అలంకారమే.

కొత్తది కొనేవాళ్లకు ఒక లెక్క. ఒక బకెట్, అంటే 20 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 42కు కాచడానికి సుమారు అర యూనిట్ కరెంటు పడుతుంది. గీజరైనా, రాడ్డైనా అంతే, ఏ కంపెనీ ఈ లెక్కను మార్చలేదు. గీజర్ మీద అంటించే స్టార్లలో తేడా కాగిన నీళ్లు వేడిని ఎంత తొందరగా పోగొట్టుకుంటాయన్న దాంట్లో ఉంది. వెంటనే వాడేసేవాళ్లకు ఆ తేడా తక్కువ, పొద్దంతా ఆన్‌లో ఉంచేవాళ్లకు ఎక్కువ. నలుగురు వరుసగా స్నానం చేసే ఇంటికి 15 లీటర్లు సరిపోవు, 25 తీసుకోండి. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు, దానికి పవర్ ప్లగ్గే కావాలి. టీవీ వెనక ఉండే ఎక్స్‌టెన్షన్ బాక్సు కరిగిపోతుంది.

రాడ్డు వాడేవాళ్లు నీళ్లలో ముంచాకే స్విచ్చి వేయాలి. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టాలి. కాగాయో లేదోనని వేలు పెట్టి చూసే అలవాటు మనకుంది, అదే ప్రాణం తీస్తుంది. సోలార్ మంచిదే, కానీ డాబా మీద గాజు గొట్టాలు పెట్టేముందు మీ వాడలో కోతులెన్ని తిరుగుతాయో చూసుకోండి.

గది వెచ్చగా ఉంచుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. ఆయిల్ హీటరు, ఫ్యాను హీటరు, ఎర్రకడ్డీ హీటరు, ఏదైనా ఒక యూనిట్ కరెంటుకు ఇచ్చే వేడి ఒకటే. తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి అని దుకాణంలో చెప్తే నవ్వి ఊరుకోండి. దీనికి మినహాయింపు చలికి, వేడికి రెండింటికీ పనిచేసే ఏసీ. అది వేడిని తయారు చేయదు, బయటి గాలిలోంచి లాక్కొస్తుంది, అందుకే ఒక యూనిట్‌కు సుమారు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. రామగుండం, మంచిర్యాల ఎండలకు ఎలాగూ ఏసీ కొనేవాళ్లు ఈ సంగతి అడిగి కొనుక్కోవచ్చు. నన్నడిగితే మన చలికి గదిని కాచడం కంటే, కిటికీ సందులు మూసి, గొంగడి కప్పుకోవడమే చవక.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. బొగ్గుబావుల ఊళ్లలో, ఏజెన్సీ గూడేల్లో బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకోవడం ఇంకా ఉంది. పొగ రావట్లేదు కదా అనుకుంటారు. కణకణలాడే బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేదు. అది రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. తల పగిలిపోయేలా నొప్పి, వాంతి, మత్తు, ఆ మత్తులోనే మనిషి పోతాడు. బాత్రూము లోపల బిగించిన గ్యాస్ గీజరు చేసేదీ అదే పని, దాన్ని బయట గాలి ఆడేచోట పెట్టించాలి. ఎవరైనా అలా పడిపోతే ముందు తలుపులు తీసి బయటి గాలికి తెచ్చి, 108కి ఫోను చేయండి.

ఆ రోజు పెద్దమ్మ సున్నపు పెచ్చులను న్యూస్‌పేపర్‌లో పొట్లం కట్టి దాచింది, పండక్కి వచ్చే కొడుక్కు చూపించాలని. పోయిన నెల ఆ కొడుకే ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటుకు మారాడట, గీజర్ కొనాలట. ఏ కంపెనీ అని అడగలేదు. "అన్నా, ఇక్కడి బోరు నీళ్లలో సబ్బు నురగొస్తలేదు, ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

సెలవు. నమస్కారం.