సతీసమేతంగా లంగరు

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. బయట పులిహోర చల్లారిపోతోంది, వాళ్ళే మన్నిస్తారు.

ఆహ్వానపత్రంలో మా ఆయన్ని 'కెప్టెన్' అన్నారు, నన్నేమో 'సతీసమేతంగా'లో కలిపేశారు. ఆ మాట దగ్గరే మొదలుపెడతాను.

న్యూజిలాండ్ ఓపువా నుంచి ఫిజీకి వెయ్యి నాటికల్ మైళ్ళ పైమాటే. మా పడవలో తొమ్మిది రోజులు పట్టింది. అందరూ ఆ తొమ్మిది రోజుల గురించే అడుగుతారు, భయమేసిందా, తుఫాను వచ్చిందా అని. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం. అది దాటాకే వెళ్ళాం. నడిసముద్రంలో గుద్దుకోడానికి ఏముందండీ? భయమంతా ఒడ్డు దగ్గరే.

ఫిజీలోని యసావా దీవుల్లో పగడపు దిబ్బలు కొన్నిచోట్ల మ్యాపులో ఒకచోట, నీళ్ళలో ఒకచోట. ఎండ పైనుంచి, మన వీపువైపు నుంచి పడితేనే రంగులు తెలుస్తాయి. ముదురు నీలమైతే లోతు, లేతాకుపచ్చైతే ఇసుక, గోధుమరంగైతే పగడం. ఆ రంగులు చదివేది పడవ ముక్కున నిలబడ్డ నేను. వెనక చుక్కాని దగ్గరున్న మా ఆయనకి గాలిలో నా కేక వినపడదు, అంతా చేతిసైగలే. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా చేతివంక అంత శ్రద్ధగా చూసింది అక్కడే!

ఒకరోజు ఆలస్యమైంది. అయిదు దాటింది, ఎదురెండ, నీళ్ళు ఇత్తడి పళ్ళెంలా మెరుస్తున్నాయి. నాకేమీ కనపడలేదు. ఆ మాట చెప్పాల్సింది. చెప్పకుండా ఇసుకే అని సైగ చేశాను. పన్నెండు మీటర్ల లోతులో యాభై మీటర్ల గొలుసు వదిలాం.

రాత్రి గాలి తిరిగింది. గొలుసు పగడాన్ని రుద్దుతుంటే చెవి పక్కనే తిరగలి తిప్పుతున్నట్టుంది. తెల్లవార్లూ విన్నాం. పొద్దున లంగరు రాలేదు. నేను రబ్బరు పడవలోకి దిగి, కళ్ళకి అద్దం కట్టుకుని నీళ్ళలో తల ముంచాను. దిబ్బ చుట్టూ గొలుసు రెండు చుట్లు తిరిగి ఉంది. నేను ఏ చెయ్యెత్తితే ఆయన పడవని అటు తిప్పాలి. గుడి చుట్టూ అప్రదక్షిణం చేసినట్టు గంటన్నర. చివరికి గొలుసు పైకొచ్చింది, లంకెల మధ్య చిటికెనవేలంత పగడపు కొమ్మలతో. విరిగినచోట సున్నంలా తెల్లగా ఉన్నాయి.

వెనక వరసవాళ్ళూ, వింటున్నారా? వచ్చే సీజనుకి పడవ అద్దెకు తీసుకుంటామన్నది మీరే. మూడింటికల్లా లంగరు వేసెయ్యండి. గొలుసుకి అక్కడక్కడ ఫ్లోట్లు కట్టండి, పగడానికి ఆనకుండా తేలుతుంది. మూడింటికల్లా, మళ్ళీ చెబుతున్నాను.

అసలు ముందు ఊళ్ళోకి యంగోనా, అంటే కావా పానీయం చేసే మొక్క, దాని వేళ్ళ కట్ట పట్టుకెళ్ళి, ఊరిపెద్ద చేతికిచ్చి అనుమతి అడగాలి. సెవుసెవు అంటారు. ఆ దిబ్బలు ఊరివాళ్ళు చేపలు పట్టుకునే చోట్లు. మేం విరిచాక వెళ్ళాం. టోపీలు, నల్లకళ్ళద్దాలు తీసేసి చాపమీద కూర్చున్నాం. పెద్దాయన కట్ట అందుకుని, అరచేతులు దొప్పల్లా చేసి చప్పట్లు కొట్టారు. దిబ్బ సంగతి నేనే చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఓ కుర్రాణ్ణి మాతో పంపారు.

వాడు పడవ ముక్కుకొచ్చాడు. నేను పక్కకి జరిగాను. వాడు వేలు చూపించినచోట లంగరు వదిలాం. గొలుసు ఇసుకలో పడితే చప్పుడే ఉండదు.

ఇక ఫోటోలు మా ఆయన చూపిస్తారు. ఆ కొమ్మలవి మాత్రం లేవు.